ఫ్యాన్సీ నంబరు తాళం

పోయినవారం సంచికని పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళి ఇంకా తిరిగివ్వని పాఠకుల కోసం ముందు నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. కథ గుర్తున్నవాళ్ళు ఇవి దాటేసి నేరుగా జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కేయవచ్చు, నేనేమీ అనుకోను.

కరుణాకుమారి డబ్బింగ్ ఆర్టిస్టు. ఆవిడ ముఖం మీరెప్పుడూ చూసి ఉండరు గానీ గొంతు మాత్రం మీ ఇంటిమనిషి గొంతంత పరిచయం. హీరోయిన్లకీ, హీరోయిన్ల చెల్లెళ్ళకీ, ముద్దుమాటల చంటివాళ్ళకీ ఆవిడే పలికింది. ఆ పాత సినిమాలన్నీ ఇప్పుడు ఫోన్లలో మళ్ళీ ఆడుతున్నాయి. ఆడినప్పుడల్లా ఎవరెవరికో డబ్బు వస్తోంది, గొంతు ఇచ్చినవాళ్ళకి మాత్రం రావడం లేదు. ఇది తప్పని నిర్మాత వీరరాఘవయ్యకి తోచింది. తోచినవాడు ఊరుకోకుండా ‘గళం’ అని ఒక క్రిప్టో నాణెం పుట్టించాడు. ఆయన సినిమా ఎక్కడ ఎవరు చూసినా, అందులో పలికిన ప్రతి ఆర్టిస్టు ఖాతాలో కాస్త గళం పడుతుంది. పరిశ్రమలో ఇలాంటి బుద్ధి పుట్టేవాళ్ళు అరుదు కాబట్టి ఆయన మొండితనాన్నీ, అంకెల పిచ్చినీ మనం కొంచెం ఓర్చుకోవాలి.

ఆ నాణేన్ని నడిపించే ఇంజినీరు కరుణాకుమారి కూతురు తబిత. చిక్కు ఎక్కడొచ్చిందంటే, నాణెం పుట్టిన పెద్ద బ్లాక్‌చెయిన్, అంటే ఈ నాణేల లెక్కలు రాసే ఉమ్మడి చిట్టా, మహా రద్దీ. లోకంలో అందరి లావాదేవీలూ అక్కడే వరుస కడతాయి. ముప్పావలా పంపాలంటే మూడు రూపాయల రుసుము అడిగేది. అందుకని తబిత బ్రిడ్జి కట్టింది. అసలు నాణేలన్నిటినీ పెద్ద చెయిన్‌లో ఒక పెట్టెలో పెట్టి తాళం వేసింది. వాటికి బదులుగా సరిగ్గా అన్నే నాణేలని, ఖర్చు తక్కువా వేగం ఎక్కువా ఉన్న చిన్న చెయిన్‌లో వదిలింది. ఆర్టిస్టుల సంఘం మీటింగులో ఇది చెబితే అందరూ బిక్కమొహాలు వేశారు. అప్పుడు వీరరాఘవయ్యే లేచి తేల్చేశాడు.

“హీరో కారవాన్‌లో కూర్చుంటాడు. డూప్ మేడ మీంచి దూకుతాడు. హీరో బయటికొస్తే డూప్ ఇంటికెళ్ళిపోవాలి, ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉండకూడదు. ఒకవేళ కారవాన్‌లో హీరోయే లేడనుకోండి, ఇక వాడు ఎవరికి డూపు? వాడి విలువేంటి? అంతేనామ్మా తబితా?”

అంతే. దీన్ని ఇంతకన్నా తేలిగ్గా చెప్పడం నా వల్ల కూడా కాదు.

పెట్టెకి ఒక అడ్రస్ ఉంటుంది. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలగలిసి బారెడు పొడుగు. వీరరాఘవయ్య కార్లన్నిటికీ 5454 నంబరే. ఆర్టీఏ ఆఫీసు వేలంలో ఎంతైనా పెట్టి అదే కొంటాడు. అంకెలు కూడితే తొమ్మిదికి తేలుతుంది, తొమ్మిది ఆయన లక్కీ నంబరు, ఇది ఫిల్మ్‌నగర్ అంతా ఎరిగిన సంగతే. ఎనిమిది కనబడితే మాత్రం ముఖం తిప్పుకుంటాడు. అలాంటి మనిషి పెట్టె అడ్రస్ కూడా 5454తో మొదలై 5454తోనే ముగియాలని పట్టుబట్టాడు. తెల్లారితే ముహూర్తం అనగా కొడుకు బాబీ అలాంటి అడ్రస్ తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. తన లాప్‌టాప్‌లోనే తయారుచేశానన్నాడు.

పోయినవారం సంచిక ఆఖర్న, ఫిల్మ్‌నగర్ ఆఫీసులో ఉన్న తబిత కంట ఒక వార్త పడింది. కోరిన అంకెలతో ఫ్యాన్సీ అడ్రస్‌లు చేసి అమ్మే వెబ్‌సైటు ఒకటి ఉంది. అడ్రస్‌తో పాటు దాని తాళంచెవి కూడా అక్కడే తయారవుతుంది. అక్కడ చేయించుకున్నవాళ్ళ పెట్టెలు పొద్దుటి నుంచి ఒకదాని తరవాత ఒకటి ఖాళీ అవుతున్నాయి. తబిత వెంటనే బాబీకి ఫోన్ చేసి, ఆ అడ్రస్ ఎక్కడ చేయించావని అడిగింది. “చెప్పాను కదా, నేనే చేశాను” అని బాబీ ఫోన్ పెట్టేశాడు.

మనం అక్కడ ఆగాం.

*

మాట పూర్తికాకుండా ఫోన్ పెట్టేసేవాడు కాదు బాబీ. అదే తబితని భయపెట్టింది. ముందు బ్రిడ్జి రెండు వైపులా ఆపేసింది. అంతవరకు తన చేతిలో ఉన్న పని. పెట్టె తెరిచి నాణేల్ని మరో పెట్టెలోకి మార్చడం మాత్రం తన వల్ల కాదు. దాని తాళంచెవి వీరరాఘవయ్య పూజగదిలోని ఒక పాత ఫోన్‌లో ఉంది. ఆ ఫోన్ ఆయన బొటనవేలికి తప్ప తెరుచుకోదు. దొంగల భయంతో ఆ ఏర్పాటు చేయించింది తబితే.

తను ఒక్కతే చెబితే ఆయన వినడని తెలుసు. యూసుఫ్‌గూడ వెళ్ళి తల్లిని కూడా ఆటో ఎక్కించుకుంది. ఆటో వీరరాఘవయ్య ఇల్లున్న జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కుతుండగా ఫోన్ మోగింది.

“తబితమ్మా, నేను శౌరి బాబాయిని. రహమత్‌నగర్ నుంచి. గళం డబ్బులోకి మార్చుకుందామంటే కుదరట్లేదేంటమ్మా ఇందాకట్నించీ?”

శౌరి కోరస్‌లో పాడేవాడు. ఆ గొంతులో కోపం ఉంటే తబిత తట్టుకునేది. కోపం లేదు.

“చిన్న మరమ్మతు బాబాయ్. సాయంత్రానికి సరైపోతుంది.”

“సరే తల్లీ. మాకేం తెలుసు ఇవన్నీ? మీ అమ్మ మాట మీద చేరాం. నువ్వున్నావన్న ధైర్యం.”

ఫోన్ పెట్టగానే కరుణాకుమారి కూతురి వైపు తిరిగింది. “మరమ్మతంటావేంటే? అబద్ధం కాదూ?”

“నిజం చెబితే అందరూ ఒక్కసారి మీద పడతారమ్మా. ఆ గందరగోళంలో అసలు పని ఆగిపోతుంది.”

కరుణాకుమారి కొంగు తలమీదికి లాక్కుని పెదవులు కదుపుతూ ప్రార్థనలో పడింది. సంఘంలో ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలిచి, నా కూతురు కట్టింది, భయం లేదు అని చెప్పి చేర్పించింది ఆవిడే. ఇప్పుడు ఆ మాటంతా 5454 తాళం వెనక ఉంది.

వీరరాఘవయ్య ఇంటి పోర్టికోలో మూడు కార్లు, మూడింటికీ అదే నంబరు. వాటి పక్కన మూలకి నీలం పరదా కప్పిన చిన్న బండేదో ఉంది. ఎప్పుడొచ్చినా తబిత దాన్ని చూస్తుంది గానీ, ఏంటని అడిగింది లేదు. వంటావిడ నీలమ్మ తలుపు తీసింది.

“అయ్య టిఫిన్ కాడ ఉన్నడు. రార్రి, మీరు గూడ తిందురు.”

ఆ ఇంట్లో ప్రళయం వస్తుందని చెప్పడానికి వచ్చినా ముందు టిఫిన్ తినాల్సిందే.

“రా కరుణమ్మా, రా రా. ఇవాళ పెసరట్టు” అన్నాడు వీరరాఘవయ్య, నుదుట కుంకుమ బొట్టుతో, కంచం ముందు నుంచి. “నీలమ్మా, ఉప్మా కూడా వెయ్యి. అమ్మాయికి అల్లం పచ్చడి ఇష్టం.”

“సార్, టిఫిన్ తరవాత. పూజగదిలో ఫోన్ కావాలి. ఇప్పుడే కావాలి” అంది తబిత నిలబడే.

“ఏం, కొంపలంటుకున్నాయా?”

“అంటుకుంటాయి సార్.”

తబిత చెప్పింది. వార్త చెప్పింది, వెబ్‌సైటు సంగతి చెప్పింది. తాళం చేసినవాడే చెవికి నకలు దాచుకుంటే ఎవరి ఇల్లయినా వాడిదే అంది. మన పెట్టె తాళం కూడా అక్కడ చేసిందే అయితే ఏ క్షణమైనా ఖాళీ అవుతుందని చెప్పింది. కొత్తగా ఒక మామూలు పెట్టె సిద్ధం చేశాననీ, మీరు వేలు పెడితే నాణేలన్నీ అందులోకి మార్చేస్తాననీ బతిమాలింది.

ఆయన అంతా విన్నాడు. పెసరట్టు ముక్క చేతిలోనే ఉండిపోయింది.

“మన తాళం అక్కడ చేసింది కాదుగా. మావాడు చేశాడు. బాబీ!”

బాబీ అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. ముప్పై దాటినవాడు, గడ్డం పెంచినవాడు, తండ్రి పిలిస్తే మాత్రం ఇప్పటికీ రెండు మెట్ల పైనే ఆగిపోతాడు.

“అడ్రస్ నువ్వే చేశావా, ఎక్కడన్నా చేయించావా?”

“నేనే చేశాను నాన్నా.”

“బాబీ, ముందు నాలుగంకెలు, వెనక నాలుగంకెలు కుదరాలి” అంది తబిత. “కోట్ల కోట్ల అడ్రస్‌లు తిరగేస్తే గానీ అలాంటిది ఒకటి తగలదు. నీ లాప్‌టాప్ ఒక్క రాత్రిలో ఎలా చేసింది?”

“లక్కు” అన్నాడు బాబీ.

“చూశావా, లక్కు!” అన్నాడు వీరరాఘవయ్య సంతోషంగా. అది ఆయనకి బాగా నచ్చిన సమాధానం. “పైగా ఇవాళ మంగళవారం. మంగళవారం పూట పెట్టె కదిలిస్తారా ఎవరైనా? ఏదీ, నీ కొత్త అడ్రస్ చూపించు.”

తబిత తన ఫోన్‌లో చూపించింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చివరిదాకా చదివి, వేడి మూకుడు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఆఖరంకె ఎనిమిది!”

“అది దానంతటది వచ్చింది సార్. ఎవరూ ఎంచలేదు కాబట్టే అది గట్టి తాళం.”

“తబితా” అన్నాడాయన. అమ్మాయ్ అనలేదు, చివర అమ్మ చేర్చలేదు. పేరు పెట్టి పిలిచాడు. “నేను చదువుకోలేదు. నువ్వు చెప్పిందే నేర్చుకున్నా. మీటింగులో అందరిచేతా ఒక మాట వల్లె వేయించావు, గుర్తుందా? నీలమ్మా, నువ్వూ ఉన్నావుగా అక్కడ, టీ ఇస్తూ. ఏం చెప్పిందమ్మా ఆ రోజు?”

నీలమ్మ చట్నీ గిన్నెతో నిలబడి, బడిపిల్లలా అప్పగించింది.

“జల్దీ పంపుర్రి, లేకుంటే మొత్తం పోతయి అని ఎవలన్న అన్నరంటే గాడే దొంగ. కొత్త అడ్రస్ ఇచ్చి గిండ్ల ఎయ్యుమంటే ఎయ్యొద్దు.” ఒక్క క్షణం ఆగి, మొహమాటంగా మిగతాది కూడా చెప్పింది. “నేనే ఒచ్చి అడిగినా ఇయ్యకుర్రి అన్నవ్ గదమ్మా.”

ఆ మాటలు తబితవే. ఆ రోజు చప్పట్లు కొట్టించుకున్న మాటలు. ఇప్పుడు తను హడావుడిగా వచ్చింది, జల్దీ అంటోంది, కొత్త అడ్రస్ చూపిస్తోంది. దొంగ ఎలా వస్తాడని చెప్పిందో అచ్చం అలాగే వచ్చి నిలబడింది.

“నీ మీద అనుమానం కాదమ్మా” అన్నాడు వీరరాఘవయ్య, గొంతు కాస్త తగ్గించి. “నీ మాట మీద గౌరవం. నువ్వు ఇయ్యొద్దన్నావు, నేను ఇవ్వను.”

ఆయన తప్పేమీ మాట్లాడలేదు. అదే తబితకి ఏడుపు తెప్పించింది. కోపగించుకుంటే వాదించవచ్చు, తిడితే పడవచ్చు. తన చేతులతో తను వేసిన గడియని అవతలివాడు అంత భక్తిగా కాపలా కాస్తుంటే ఏం చేస్తుంది? కళ్ళు తుడుచుకుని తల్లి వైపు చూసింది.

కరుణాకుమారి ఇటు చూడడం లేదు. బాబీ నోరు తెరిచినప్పటి నుంచి ఆవిడ కళ్ళు మెట్ల మీదే, వాడి పెదవుల మీదే ఉన్నాయి.

ఆ పెదవులు ఆవిడకి కంఠతా వచ్చు. బాబీ ఆరేళ్ళప్పుడు తండ్రి తీసిన సినిమాలో చిన్నపిల్లాడి వేషం వేశాడు. ఆ పిల్లాడు ఇంట్లో రేడియో పగలగొట్టి, ఎవరూ చూడలేదని ఊరుకోకుండా తండ్రి దగ్గరికెళ్ళి “నాన్నా, తప్పు నాదే” అంటాడు. షూటింగులో బాబీకి ఆ మాట రాలేదు. ఎన్ని టేకులు తీసినా కింది పెదవి లోపలికి లాక్కుని బిక్కచచ్చి నిలబడ్డాడు. చివరికి ఊరికే నోరు కదిలిస్తే చాలన్నారు. తరవాత డబ్బింగ్ థియేటర్ చీకట్లో ఆ పెదవుల్నే పదేపదే చూస్తూ, ఆ కదలికకి సరిపోయేలా కరుణాకుమారి పసిగొంతుతో ఆ మాట పలికింది. థియేటర్లలో జనం కన్నీళ్ళు పెట్టుకున్నారు. బాబీ మాత్రం, బంధువుల ఇళ్ళల్లో, బడిలో, ‘ఏదీ, తప్పు నాదే అను’ అని ఎంతమంది అడిగినా ఒక్కసారి కూడా అనలేకపోయాడు.

ఇప్పుడు కూడా ‘నేనే చేశాను’ అన్నాక కింది పెదవి లోపలికి పోయింది.

కరుణాకుమారి లేచి మెట్ల దగ్గరికి వెళ్ళింది. ఆయాసం మనిషి, మెట్ల కమ్మీ పట్టుకుని రెండు మెట్లు ఎక్కి, వాడి ఎదురుగా నిలబడింది.

“బాబీ, నన్ను చూడు నాన్నా.”

“ఆంటీ, ప్లీజ్...”

“ఆరేళ్ళప్పుడు నీ మాట నేను చెప్పాను. చిన్నపిల్లాడివి, నోరు తిరగలేదు, నేను చెప్తే సరిపోయింది. ఇవాళ కూడా చెప్పేసేదాన్నేరా, నాకేం కష్టం? కానీ నేను చెబితే మీ నాన్నగారు నమ్మరు. తబిత చెబితే నమ్మరు. దీనికి డబ్బింగ్ కుదరదు. నీ గొంతే కావాలి.”

వంటింట్లో పెనం మీద అట్టు మాడుతున్న వాసన వస్తున్నా నీలమ్మ కదల్లేదు.

బాబీకి సినిమాలోలాగా ఒక్క ముక్కలో, అందంగా రాలేదు ఆ మాట. దగ్గుతో పాటు వచ్చింది.

“నాన్నా... నా లాప్‌టాప్‌లో రాలేదు. రాత్రంతా పెట్టాను, రాలేదు. తెల్లారితే ముహూర్తం. అమ్మ నంబరు లేకుండా మొదలెడితే నువ్వు... నువ్వు మళ్ళీ ఆ లూనా బండి దగ్గరికెళ్ళి కూర్చుంటావని... ఆ వెబ్‌సైటులోనే ఆర్డర్ పెట్టాను. తబిత చెప్పిందే. అదే వెబ్‌సైటు.” తలెత్తి తండ్రి వైపు చూశాడు. “తప్పు నాదే నాన్నా.”

“అమ్మ నంబరా?” అంది తబిత అర్థం కాక. “న్యూమరాలజీ కదా సార్?”

వీరరాఘవయ్య చేతిలోని పెసరట్టు ముక్క కంచంలో పెట్టేశాడు.

“న్యూమరాలజీ నాకెక్కడ వచ్చమ్మా, ఎక్కాలే సరిగ్గా రావు. పేపర్లవాళ్ళు రాశారు, కాదనడం ఎందుకని ఊరుకున్నా. పెళ్ళాం బండి నంబరని చెబితే నవ్వరూ?” ఆయన పోర్టికో వైపు చూశాడు. “కృష్ణానగర్‌లో రేకుల గదిలో ఉండేది నా ఆఫీసు. మొదటి రెండు సినిమాలూ పోయాయి. మూడోదానికి ఎవడూ గడప తొక్కనివ్వడం లేదు. మధ్యాహ్నం అయ్యేసరికి మా లీలాకుమారి లూనా మీద క్యారియర్ తెచ్చేది. నా ఒక్కడికే కాదు, అక్కడ వేషాల కోసం కూర్చున్నవాళ్ళందరికీ. ఆ సందు మలుపులో 5454 కనబడిందంటే ఇవాళ్టికి అన్నం ఉందని లెక్క. ఆవిడ పోయాక, ఏది మొదలెట్టినా ఆ నంబరు ముందుండాలనిపించేది. అంతే. ఇంకేం శాస్త్రం లేదు.”

పరదా కింద ఏముందో తబితకి ఇప్పటికి తెలిసింది. ఇన్నాళ్ళూ ఆఫీసులో తనూ ఆ అంకెల మీద జోకులు వేసింది. అవి తలుచుకుంటే సిగ్గేసింది.

బాబీ మెట్లు దిగి వచ్చి తండ్రి కుర్చీ దగ్గర నిలబడ్డాడు. తిడతాడనుకున్నాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు.

“ఒరేయ్, ఆ లూనాకి మీ అమ్మ ఎప్పుడూ తాళం వేసేది కాదు, తెలుసా?” అన్నాడు వీరరాఘవయ్య. “వెయ్యవే అంటే ‘దీన్నెవరు ఎత్తుకుపోతారండీ’ అనేది. తాళం ఎరగని బండి నంబరు తీసుకొచ్చి తాళానికి తగిలించాను నేను. తప్పు నీ ఒక్కడిదే కాదులే. వెళ్ళు, పూజగదిలో ఫోన్ పట్రా.”

బాబీ పరుగెత్తాడు.

పూజగది ఫోన్ చేతికొచ్చింది. వీరరాఘవయ్య చెయ్యి కడుక్కుని పంచెకి తుడుచుకుని బొటనవేలు పెట్టాడు. అల్లం పచ్చడి తడికి మొదటిసారి తెరుచుకోలేదు. కరుణాకుమారి తన కొంగుతో ఆయన వేలు తుడిచింది. రెండోసారి తెరుచుకుంది. నాణేలన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా తగ్గలేదు. తబిత ఊపిరి పీల్చుకుని, కొత్త అడ్రస్ ఎక్కించి, ఫోన్ ఆయన ముందుకి జరిపింది.

“ఎనిమిది” అన్నాడాయన మరోసారి దాని వైపు చూసి.

“ఎనిమిదే సార్.”

“కానివ్వు” అని వేలు నొక్కాడు.

నీలమ్మ ఆకాశం వైపు చూసి దండం పెట్టి మాడిన అట్టు సంగతి చూడ్డానికి వెళ్ళిపోయింది. పెద్ద చెయిన్ నెమ్మది కాబట్టి లావాదేవీ కాసేపు వరుసలో నిలబడాలి. తబిత తెర మీద ఆ వరుసని చూస్తూ కూర్చుంది. తను పంపించింది కనిపించింది. చివర ఎనిమిది.

దాని కింద ఇంకొకటి కనిపించింది. అదే పెట్టెలోంచి, అదే తాళంచెవితో, అన్ని నాణేలూ మరో అడ్రస్‌కి. దాని ఆఖర్న ఇంగ్లీషు అక్షరం, ఎఫ్.

“సార్” అంది తబిత. “వాడు వచ్చేశాడు.”

“ఎవడు?”

“నకలు తాళంచెవి ఉన్నవాడు. మనదీ వాడిదీ రెండూ వరుసలో ఉన్నాయి. తాళం ఒక్కసారే తెరుచుకుంటుంది. ఎవరు రుసుము ఎక్కువ కడితే వాళ్ళది ముందు పోతుంది, రెండోది చెల్లదు. వాడు మనకన్నా ఎక్కువ పెట్టాడు.”

ఇన్నాళ్ళూ ఆ పెద్ద చెయిన్‌ని నత్త అనీ, తాబేలు అనీ తిట్టి దాని పీడ వదిలించుకోవడానికే తబిత బ్రిడ్జి కట్టింది. ఇప్పుడు ఆ నత్తనడకే వాళ్ళకి కాస్త వ్యవధి ఇచ్చింది.

“అంటే వేలంపాటా?” అన్నాడు వీరరాఘవయ్య. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఇంతసేపూ అర్థం కాని లోకంలో బిక్కుబిక్కుమంటూ ఉన్న మనిషి ఒక్కసారిగా తన గుమ్మంలోకి వచ్చినట్టు కనిపించాడు. “ఆర్టీఏ వేలంలో 5454 ఏ మొనగాడికీ వదల్లేదమ్మా నేను. పెంచు.”

“ఆర్టిస్టుల నాణేలు...”

“వాటిని ముట్టుకోకు. రుసుము కోసమని ఆ ఫోన్‌లో నా సొమ్ము వేసి ఉంచాంగా, అందులోంచి పెంచు.”

తబిత పెంచింది. ఆయన వేలు పెట్టాడు. ఎనిమిది పైకి వచ్చింది. కాసేపటికి ఎఫ్ దాన్ని దాటింది. మళ్ళీ పెంచింది. మళ్ళీ వేలు. మళ్ళీ ఎనిమిది పైకి వచ్చింది, మళ్ళీ ఎఫ్ దాటింది. అవతల ఉన్నది మనిషో, మనిషి పెట్టిన యంత్రమో తెలియదు. వాడికి అలసట లేదు. తబిత ఫోన్ మధ్యలో మోగింది, శౌరి పేరు కనిపించింది. ఆమె ఎత్తలేదు. కరుణాకుమారి ఎత్తింది.

“శౌరీ, నేనయ్యా. ప్రార్థన చెయ్యి. ఎందుకో తరవాత చెబుతా” అని పెట్టేసింది.

“ఎంతుంది ఇంకా?” అన్నాడు వీరరాఘవయ్య.

“ఇదే ఆఖరు సార్. మీరు వేసిందంతా పెడితే.”

“పెట్టెయ్.”

వేలు నొక్కాడు. వరుస ఒకసారి కదిలింది. తెర తెల్లబడి ఆగింది. తబిత ఇక చూడలేక ఫోన్ బల్ల మీద బోర్లించింది. ఎప్పుడూ ఎనిమిది ముఖం చూడని వీరరాఘవయ్య కళ్ళు మూసుకుని, జీవితంలో మొదటిసారి, స్వామీ ఎనిమిది రావాలి అని మొక్కుకున్నాడు. తరవాత ఫోన్ తీసి, తను చూడకుండానే కొడుకు చేతికిచ్చాడు.

“చదవరా. ఏది మిగిలిందో చివరక్షరం చదువు. ఇవాళ మాటలు నీవి.”

బాబీ ఫోన్ తిప్పాడు. తెర మీద రెండు వరుసలు లేవు, ఒక్కటే ఉంది. వాడి నోరు తెరుచుకుంది.

“ఎ...” అన్నాడు.

ఎనిమిదికీ మొదలు అదే. ఎఫ్‌కీ మొదలు అదే. తండ్రి కళ్ళు తెరవలేదు, తబిత ఊపిరి తీయలేదు. కరుణాకుమారి మాత్రం ఆ పెదవుల వంకే చూస్తోంది. మిగతా మాట ఇంకా గొంతులోనే ఉండగా, అందరికన్నా ముందు ఆవిడకి తెలిసిపోయింది. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. మిగతా మాట వచ్చేవారం.